పచ్చనీళ్లకు యూవీ లైటు: రెండున్నరేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, పనిచేస్తుంది. 120 లీటర్ల చేపల ట్యాంకులో 9 వాట్ల యూవీ (అతినీలలోహిత) లైటు పెట్టి రెండున్నరేళ్లయింది. ఆకు పసరు పిండినట్టున్న నీళ్లు ఆరో రోజుకల్లా వెనక అద్దం కనిపించేంత తేటపడ్డాయి. అయినా ఏడాదికి పైగా దాన్ని దాదాపు ఆపేసే ఉంచుతున్నాను, ఎందుకో కింద చెబుతాను.

దీనిదాకా వచ్చేలోపు నేను చేయని పని లేదు. వారానికోసారి మార్చే నీళ్లని రోజు విడిచి రోజు మార్చాను, మార్చిన సాయంత్రం కాస్త పల్చగా అనిపించేది, మూడో రోజుకి మళ్లీ అదే రంగు. ఫిల్టర్‌లో ఇంకో పొర దూది కుక్కాను. ఏం లాభం, నీళ్లని పచ్చబరిచే ఈ నాచు నీళ్లలో ఏ కణానికా కణం విడిగా తేలుతుంటుంది, చాలావరకు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండవు, స్పాంజిలో ఇటు దూరి అటు వచ్చేస్తాయి. సగం నీళ్లు పారబోసినా మిగిలిన సగంలోవి చకచకా పెరిగిపోతాయి, పైగా మనం పోసే కొత్త నీళ్లలోనే నైట్రేటు, ఫాస్ఫేటు ఉంటే దానికి చేజేతులా ఎరువు వేసినట్టే. ట్యాంకుకు దుప్పటి కప్పి నాలుగు రోజులు చీకట్లో ఉంచితే మాత్రం బాగా తగ్గింది. రెండు వారాలు సంబరపడ్డాను, అంతే.

చేపలకి పచ్చదనంతో వచ్చే బాధ పెద్దగా లేదు, పిల్లచేపలు పెంచేవాళ్లయితే ఇలాంటి నీళ్లు కావాలనే తయారుచేసుకుంటారు. కాకపోతే మరీ చిక్కబడితే రాత్రిపూట ఆ నాచే ఆక్సిజన్ లాగేసుకుంటుంది, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే చూశాకే నాకు టెన్షన్ పట్టుకుని యూవీ కొన్నాను.

లోపల జరిగేది సింపుల్. పంపు నీళ్లని లైటు చుట్టూ తిప్పుతుంది, ఆ లైటు నుంచి వచ్చే 254 నానోమీటర్ల కిరణాలు నాచు కణం డీఎన్ఏని చెడగొడతాయి, ఇక అది ఒకటి రెండు కాలేదు. మొదటి రెండు రోజులు ఏ తేడా కనిపించలేదు, డబ్బులు దండగైనట్టేనని ఇంట్లో మాటలు కూడా పడ్డాను. మూడో రోజు పచ్చదనం మాసిపోయి నీళ్లు బూడిద రంగుకి తిరిగాయి. భయపడకండి, అది చచ్చిన నాచు. అదంతా కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది కాబట్టి మేత సగానికి తగ్గించి, గాలి పంపు వేసే ఉంచి, ఫిల్టర్ స్పాంజిని రోజూ ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే పిండాను. అమ్మోనియాని తగ్గించే మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుందేమోనని చాలామంది అడుగుతుంటారు. అది ఫిల్టర్‌లో, రాళ్ల మీద అంటుకుని బతుకుతుంది, లైటు దగ్గరికి వెళ్లదు.

ఇక విసుగు పుట్టించినవి. మొదటి ఏడాది రాత్రింబవళ్లు వేసే ఉంచాను, పదమూడో నెలలో నీళ్లు మళ్లీ పచ్చబడ్డాయి, చూస్తే లైటు చక్కగా నీలంగా వెలుగుతూనే ఉంది! కంటికి కనిపించే ఆ వెలుగుకీ యూవీకీ సంబంధం లేదట, ఇలాంటి బల్బులు సుమారు ఎనిమిది తొమ్మిది వేల గంటలు దాటితే వెలుగుతూనే ఉంటాయి కానీ పస తగ్గిపోతుంది. బల్బు మీదుండే క్వార్ట్జ్ గొట్టానికి నీళ్లలోని లవణాల తెల్లపొర కూడా కట్టింది, వెనిగర్‌తో తుడిస్తే పోయింది. విప్పే ముందు ప్లగ్గు పీకేయండి, వెలుగుతున్న బల్బుని చూస్తే కళ్లు పాడవుతాయి. మధ్యలో పంపు పోతే పెద్దది తగిలించడం నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని, నీళ్లు కిరణాల ముందు నుంచి పరిగెత్తిపోయాయి, వేగం తగ్గించాకే ఫలితం కనిపించింది.

అద్దానికి పట్టిన నాచు, మొక్కలకి జుట్టులా వేలాడే నాచు దీనితో పోవు, వాటిని గీకాల్సిందే. కొత్త ట్యాంకులో నీళ్లు పాలలా తెల్లబడితే అది వేరే సంగతి, కొన్నాళ్లాగితే చాలావరకు దానంతటదే తేరుకుంటుంది. చేపలకి మందు వేసే రోజుల్లో మాత్రం లైటు ఆపండి, కొన్ని మందులు దీని కింద విరిగిపోతాయి.

బల్బు మార్చాక గానీ అసలు తప్పు నాదేనని ఒప్పుకోలేదు. కిటికీ ఎండ పొద్దున్నే రెండు గంటలు నేరుగా ట్యాంకు మీద పడుతోంది, ట్యాంకు పైన మామూలు లైటు పదకొండు గంటలు వెలుగుతోంది, మేత చేతికొచ్చినంత వేస్తున్నాను. ఎండ పడే వైపు అట్ట అడ్డం పెట్టి, టైమర్‌తో లైటుని ఏడు గంటలకి దించి, తొందరగా పెరిగే హార్న్‌వర్ట్ మొక్క వేసి యూవీ ఆపేశాను. ఐదు నెలలు పచ్చదనం ఛాయ కూడా లేదు.

ఆ తర్వాత పది రోజులు ఊరెళ్లి, పక్కింటి పిల్లాడికి మేత డబ్బా అప్పగించాను. వచ్చేసరికి డబ్బా ఖాళీ, ట్యాంకు పచ్చన. నాలుగు రోజులు యూవీ వేస్తే దారికొచ్చింది. ఇప్పుడు డబ్బా ఇవ్వడం లేదు, రోజుకొకటి చొప్పున చిటికెడు మేతతో పొట్లాలు కట్టి ఇస్తున్నాను.