నాటా నుంచి గ్వేటా: బోట్స్వానా రోడ్డు మీద సైకిల్‌తో ఒక రోజు

పొద్దున్నే ఆరుంబావుకి నాటాలో గది తాళం అప్పజెప్పి బయటపడ్డాం. ఇంకా చీకటే. జులై అంటే అక్కడ నడి చలికాలం, గ్లవుజులు వేసుకున్నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆ గెస్ట్‌హౌస్ పేరు రాయను. రోడ్డు పక్కనే ఉంది కదా అని అలసట మీద తీసుకున్నాం, గీజర్ పనిచెయ్యలేదు, టిఫిన్ డబ్బులు ముందే కట్టించుకుని తెల్లారాక వంటగది ఏడున్నరకి తెరుస్తాం అన్నారు. సైకిల్ మీద పోయేవాళ్లకి ఏడున్నర అంటే చల్లటి పూటలో మంచి భాగం పోయినట్టే, అందుకే తినకుండానే బయల్దేరాం.

నాటాకి రాక ముందు రాత్రి, అక్కడికి ఉత్తరాన 50 కిలోమీటర్ల దూరంలో ఎలిఫెంట్ శాండ్స్ అనే క్యాంపులో టెంట్ వేసుకున్నాం. చుట్టూ కంచె లేదు, మధ్యలో నీటిగుంట, ఏనుగులు మన ముందు నుంచే నడిచొచ్చి తాగి వెళ్తాయి. రోడ్డు దిగాక ఇసుక, సైకిల్ తోసుకుంటూ పోవాల్సిందే. రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు గానీ మళ్లీ వెళ్తే ఒక్కరోజు కాదు, రెండు రోజులు అక్కడే ఉంటాను.

ఊరు దాటక ముందే ఒకావిడ బకెట్‌లో వేడివేడి మగ్విన్యా పెట్టుకుని అమ్ముతోంది. మైదాపిండి పులియబెట్టి నూనెలో వేయించిన ఉండలు, మన మైసూర్ బోండా కన్నా కొంచెం తియ్యగా, గట్టిగా ఉంటాయి. "దుమేలా మ్మా" అని పలకరిస్తే ఆవిడ ముఖం విప్పారింది, అడక్కుండానే ఇంకొకటి వేసింది. బోట్స్వానాలో పలకరించకుండా నేరుగా ధర అడగడం మర్యాద కాదు. ఆడవాళ్లని మ్మా అని, మగవాళ్లని ర్రా అని పిలవాలి, ఈ రెండు ముక్కలూ వస్తే చాలా పనులు సులువుగా అయిపోతాయి.

నాటా నుంచి గ్వేటా సుమారు 100 కిలోమీటర్లు, తారు రోడ్డు, ఎక్కడా ఎత్తు లేదు. దక్షిణాన మక్‌గడిక్‌గడి ఉప్పు మైదానాలు ఉన్నాయి, ఒకప్పటి పెద్ద సరస్సు అడుగు అది, అందుకే ఇంత చదును. మాకు గాలి వెనక నుంచి వీచింది, మొదటి 40 కిలోమీటర్లు హాయిగా పోయాం. నీళ్లు మాత్రం తలా ఆరు లీటర్లు మోశాం, మధ్యలో దొరుకుతాయన్న నమ్మకంతో బయల్దేరకండి.

పంక్చర్లు రెండు పడ్డాయి, రెండూ నీడ కోసం రోడ్డు దిగినప్పుడే. టైరులోంచి ముల్లు పీకి చూస్తే అచ్చం మన పల్లేరుకాయ! పోలిక కాదు, అదే మొక్క. చిన్నప్పుడు పొలం గట్ల మీద కాళ్లకి గుచ్చుకున్నది ఇక్కడ టైరుకి గుచ్చుకుంది. ఆగాలంటే తారు అంచునే ఆగండి, సైకిల్ ఎత్తి పట్టుకుని పక్కకి వెళ్లండి.

పదకొండు ప్రాంతంలో ఎదురుగా వస్తున్న లారీ అతను వేగం తగ్గించి చేత్తో తొండం ఊపినట్టు సైగ చేసి వెళ్లాడు. ఇంకో అర కిలోమీటరు పోయాక మోపానె చెట్ల మధ్య ఒక మగ ఏనుగు, రోడ్డుకి ముప్ఫై అడుగుల్లో. కారు చప్పుడు దానికి దూరం నుంచే తెలుస్తుంది, సైకిల్ చప్పుడు తెలియదు, ఉలిక్కిపడితేనే ప్రమాదం. అందుకని వెనక్కి జరిగి, దిగి, మామూలుగా మాట్లాడుకుంటూ నిలబడ్డాం. ఇరవై అయిదు నిమిషాలు! గుండె దడ ఎంతసేపటికీ తగ్గలేదు. అది తీరిగ్గా కొమ్మలు విరుచుకుని తిని రోడ్డు దాటి వెళ్లిపోయింది. చీకటి పడ్డాక మాత్రం ఈ దారిలో అస్సలు తొక్కొద్దు, ఏనుగులకి తోడు గాడిదలూ ఆవులూ కూడా రోడ్డు మీదే నిలబడి ఉంటాయి.

మూడు దాటాక రోడ్డు పక్కన పెద్ద ఆర్డ్‌వార్క్ (చీమల్ని, చెదల్ని తినే ఆఫ్రికా జంతువు) బొమ్మ కనిపించింది. ప్లానెట్ బావోబాబ్ అనే లాడ్జికి అదే గుర్తు, గ్వేటాకి అయిదు కిలోమీటర్లు ఇవతలే. డబ్బులున్నవాళ్లకి గుడిసెలు ఉన్నాయి, మేం టెంట్ స్థలమే తీసుకున్నాం, వేడినీళ్లు ధారగా వచ్చాయి, ఈత కొలను వాడుకోనిచ్చారు. భోజనం మా బడ్జెట్‌కి ఖరీదే. శాకాహారులు ముందే చెప్పుకోవాలి. నాకైతే మర్నాడు గ్వేటా ఊళ్లో తిన్న బొగొబె, మొరొగో ఇంకా నచ్చాయి, అంటే జొన్న సంకటి, ఆకుకూర. కడుపు నిండింది, ఖర్చు కొంచెమే.

ఇక బావోబాబ్ చెట్లు. గోల్కొండ నయా ఖిల్లాలో ఏనుగుల చెట్టు అంటారే, తొర్ర ఉన్న ఆ లావాటి చెట్టు, నేను స్కూల్లో ఉండగా నాన్న తీసుకెళ్లి చూపించారు, ఇది ఆఫ్రికా నుంచి వచ్చిందిరా అని. ఇక్కడ అవే చెట్లు, ఆకులన్నీ రాలి, సాయంత్రం ఎండకి రాగి రంగులో, టెంట్ పక్కనే. ఇక్కడివాళ్లు మొవానా అంటారు. కాయ పగలగొట్టి లోపలి తెల్లటి గుజ్జు చప్పరిస్తే చింతపండుకి దగ్గరగా పుల్లగా ఉంది. నాన్నకి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు, మర్నాడు గ్వేటాలో దొరికాక ఫోటోలు పంపాను.

మౌన్ పట్టణానికి ఇంకా 200 కిలోమీటర్లు ఉంది, అయినా ఇక్కడ ఇంకో రాత్రి ఉండిపోయాం.