క్రోషేలో మొదటి అల్లిక: మఫ్లరా, గుండ్రటి మ్యాటా, గ్రానీ స్క్వేరా? ఏది మేలు?

కార్తీకం సగం దాటిందంటే చాలు, మధ్యాహ్నం పూట మా ఇంటికి అల్లిక నేర్చుకోడానికి వచ్చే పిల్లలు ఒకటే మాట అడుగుతారు. "అత్తా, లక్ష్మివారానికి కలశం కిందకి గుండ్రటి మ్యాట్ అల్లాలి, నేర్పవూ?" మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మార్గశిర లక్ష్మివారాలు, అంటే గురువారం లక్ష్మీపూజలు, ఇక్కడ తెలుగిళ్లలోనూ చేస్తారు, ఒడియా ఇళ్లలోనూ చేస్తారు. మా పక్కింటి మౌసీ కొత్త ధాన్యం నింపిన మాణ, అంటే ధాన్యం కొలిచే పాత్ర, పెడుతుంది, మా ఇంట్లో కలశం పెడతాం. దాని కింద చేత్తో అల్లినది ఒకటి పరిస్తే పీటకే కళ వస్తుంది. పిల్లల కోరిక న్యాయమైనదే. అయినా క్రోషే హుక్, అంటే కొక్కెం ఉన్న అల్లిక సూది, మొదటిసారి పట్టుకున్న పిల్ల చేత నేను గుండ్రటి మ్యాట్ మొదలుపెట్టించను. ముందు గ్రానీ స్క్వేర్ అనే చదరపు ముక్క వేయిస్తాను.

చాలామంది మఫ్లర్‌తో మొదలుపెట్టమంటారు. అటూ ఇటూ వరసలే కదా, మలుపులు లేవు కదా అని. నేనూ దానితోనే మొదలుపెట్టాను. 24 కుట్లతో మొదలైన మఫ్లర్ రెండు జానలు వచ్చేసరికి 17 కుట్లకి దిగిపోయింది. ఒక పక్క నిటారుగా ఉంది, రెండో పక్క మెట్లు మెట్లుగా లోపలికి జరిగిపోయింది. ఎక్కడ పోతున్నాయో ఎంత చూసినా తెలియలేదు. తర్వాత మా పిన్ని దాన్ని ఒళ్లో పరుచుకుని వేలుపెట్టి చూపించింది. డబుల్ క్రోషేలో, అంటే హుక్‌కి దారం ఒకసారి చుట్టి వేసే పొడుగు కుట్టులో, వరస మొదట్లో మూడు గొలుసులు (ఉచ్చులోంచి ఉచ్చు లాగే కుట్లు) వేస్తాం. ఆ మూడూ కలిసి ఒక కుట్టు కింద లెక్క. తిరుగు వరసలో చివరికి వచ్చాక ఆ గొలుసుల తల మీద కూడా ఒక కుట్టు పడాలి. అది చూడ్డానికి కుట్టులా ఉండదు, అంచులో నక్కి ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని దాటేస్తారు, అలా కుట్లు ఒక్కొక్కటే రాలిపోతాయి. పైగా మఫ్లర్‌కి మొదటే పొడుగు గొలుసు వేయాలి. కొత్త చెయ్యి దారాన్ని బిగించేస్తుంది, ఆ బిగువు గొలుసులోకి హుక్ దూరదు. అంటే అన్నిటికన్నా కష్టమైన పని మొదటి పది నిమిషాల్లోనే ఎదురవుతుంది. ఇంకో మాట. మా జిల్లాలోని చంద్రగిరి వైపు కొండ ఊళ్లలో అయితే మఫ్లర్ అక్కరకొస్తుంది గానీ, మా ఊళ్లో దాన్ని మెడకి చుట్టుకునే రోజులు ఎన్ని? వాడని వస్తువు పూర్తి చేయాలని ఎవరికీ మనసొప్పదు.

గుండ్రటి మ్యాట్ సంగతి వేరు. చిన్నది, తొందరగా అయిపోతుంది, వెంటనే వాడుకోవచ్చు. చిక్కంతా లెక్కలో ఉంది. డబుల్ క్రోషేలో మొదటి రౌండుకి 12 కుట్లు, రెండోదానికి 24, మూడోదానికి 36, ఇలా రౌండుకి పన్నెండు చొప్పున పెరగాలి. రెండో రౌండులో ప్రతి కుట్టులోనూ రెండేసి వేయాలి. మూడోదానిలో ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు. పెంపు తగ్గితే మ్యాట్ అంచులు లేచి గిన్నెలా ముడుచుకుంటుంది. పెంపు ఎక్కువైతే పావడా కుచ్చిళ్లలా అలలు తిరుగుతుంది. తప్పు జరిగిన రౌండులో అది కనబడదు, ఇంకో రెండు రౌండ్లు పోయాక బయటపడుతుంది. అప్పుడు విప్పాలి. విప్పడం మాకు అలవాటే, కానీ రెండో రోజే మూడు రౌండ్లు విప్పిన పిల్ల నాలుగో రోజు రాదు. నేను చూశాను.

ఇక గ్రానీ స్క్వేర్. నాలుగు గొలుసులు వేసి కలిపితే చిన్న రింగ్ అవుతుంది. ఆ రింగులోకే మూడేసి డబుల్ క్రోషేల గుత్తులు నాలుగు, గుత్తికీ గుత్తికీ మధ్య రెండు గొలుసులు. ఆ గొలుసుల సందులే నాలుగు మూలలు. రెండో రౌండు నుంచి హుక్ కుట్టు తలలోకి దూర్చే పని లేదు, సందులోకి దూరుస్తారు. వేలు పట్టేంత సందు, కళ్లజోడు లేకుండా నాకే కనబడుతుంది. మూలలో రెండు గుత్తులు, వాటి మధ్య మళ్లీ రెండు గొలుసులు, పక్కల సందుల్లో ఒక్కో గుత్తి. అంతే.

లెక్క కూడా కంటితోనే తేలుతుంది. ఎన్నో రౌండులో ఉంటే ఒక్కో పక్కన అన్ని గుత్తులు ఉండాలి. మూడో రౌండులో పక్కకి మూడు, నాలుగులో నాలుగు. ఒక పక్కన తక్కువ వస్తే ఆ పక్కనే తప్పు ఉంది, అక్కడిదాకా విప్పితే చాలు. పెంపు మూలల్లోనే జరుగుతుంది కాబట్టి పెంచడం మర్చిపోయే ప్రసక్తే లేదు. మూల వచ్చిందంటే చెయ్యే గుర్తుచేస్తుంది. గుణుపురం రైలుబండిలో కూర్చుని కూడా అల్లుకోవచ్చు, మధ్యలో ఎవరైనా పలకరించినా లెక్క పోదు. మొదటి రోజే నాలుగు రౌండ్ల చదరం చేతిలో పెట్టుకుని ఇంటికి వెళ్తారు. ఆ సంతోషం మిగతా వాటిలో మొదటి రోజు దొరకదు.

దీనికీ లోపం ఉంది. కుట్టు తలలోకి హుక్ దూర్చడం ఇది నేర్పదు, అది మ్యాటే నేర్పాలి. అందుకే చదరాన్ని ముందు పెడతాను గానీ చదరంతోనే ఆగమనను.

ఫోనులో చూసి దూదిబొమ్మ అల్లుతానని వచ్చేవాళ్లూ ఉన్నారు. కుట్లు బిగువుగా పడాలి, లేకపోతే లోపలి దూది బయటికి కనిపిస్తుంది. అది మూడో నెల పని. లేసు మాట కూడా అంతే. క్రోషే అనగానే మనవాళ్లకి నర్సాపురం లేసు గుర్తొస్తుంది. దానికి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, ఆ పనితనానికి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ సన్నని నూలు, సన్నని స్టీలు హుక్‌తో మొదటి పాఠం మొదలుపెడితే కళ్లు నొప్పి, చెయ్యి నొప్పి తప్ప ఇంకేమీ మిగలదు.

దారం మాట కూడా చెప్పాలి. నేర్చుకోడానికి లావుపాటి ఊలు, 4 మిల్లీమీటర్ల హుక్, లేత రంగు తీసుకోండి. నలుపు, ముదురు నీలం అసలు వద్దు, కుట్టు కనబడదు. మన దుకాణాల్లో ఊలు అని అమ్మేది చాలావరకు అక్రిలిక్. విప్పినా పాడవదు, నేర్చుకోడానికి అదే మంచిది. కానీ అది వేడికి మెత్తబడి కరుగుతుంది, పైన ఇస్త్రీ పెట్టకూడదు, దించిన గిన్నె పెట్టకూడదు. పీట మీదికైతే అక్రిలిక్ చాలు. పొయ్యి మీంచి దించినది పెట్టాలంటే నూలు దారమే వాడాలి. నూలు పేటలు హుక్‌కి తగిలి విడిపోతుంటాయి, అందుకే దాన్ని చెయ్యి కుదిరాకే ఇస్తాను.

వీడియో చూసి నేర్చుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అమెరికావాళ్లు డబుల్ అనేదాన్ని బ్రిటిష్‌వాళ్లు ట్రెబుల్ అంటారు, అమెరికా సింగిల్ బ్రిటిష్‌వాళ్లకి డబుల్. పేరు నమ్ముకోకుండా దారం హుక్ మీద ఎన్నిసార్లు చుడుతున్నారో చూడండి. నేను పైన చెప్పిందంతా అమెరికా లెక్క.

పోయిన ఏడాది ఒక పిల్ల ఇలాగే మ్యాట్ కావాలని పట్టుబట్టింది. వారం రోజులు చదరాలే వేయించాను, మొహం ముడుచుకునే వేసింది. నాలుగు చదరాలయ్యాక మ్యాట్ ఇస్తే ఒక్క సాయంత్రంలో అయిపోయింది, ఒక్క రౌండూ విప్పలేదు. మ్యాట్ వాళ్లింటి కలశం కిందకి వెళ్లింది. పసుపు రంగు చదరం ఒకటి మా మౌసీ అడిగి తీసుకుని మాణ కింద పరిచింది.