సైటుపై దావానా, దారికి అడ్డుకట్టా?

పైరసీ సైట్లపై హాలీవుడ్ స్టూడియోలకు ముఖ్యంగా రెండు ఆయుధాలున్నాయి: నడిపేవారిని కోర్టుకీడ్చడం, ఇంటర్నెట్ సంస్థల చేత సైటుకు దారి మూయించడం. బ్రిటన్‌లో న్యూజ్‌బిన్ అనే పైరసీ సైటు ఈ రెండు దెబ్బలూ తిన్నది. 2010లో హైకోర్టులో ఓడి మూతపడింది. కొద్దికాలానికే పేరు చివర 2 తగిలించుకుని దేశం దాటి మళ్లీ తెరుచుకుంది. ఇక గెలిచిన తీర్పును ఎవరిపై అమలు చేయాలి? 2011లో ఆ సైటును అడ్డుకోవాలని కోర్టు అక్కడి ఇంటర్నెట్ సంస్థ బీటీని ఆదేశించింది.

అడ్డుకట్టకు నిర్వాహకుడి చిరునామాతో పనిలేదు, అదే దాని బలం. ప్రాక్సీతో, అంటే మధ్యలో మరో సర్వర్ ద్వారా, పక్కదారి పట్టేవారి ముందు మాత్రం అది వెలవెలబోతుంది. దావా ఏళ్లు తింటుంది, అయినా మనిషి చేతికి చిక్కితే నా ఓటు దానికే. ఐసోహంట్ అనే టోరెంట్ సైటు స్టూడియోల దావాలో 2013లో 11 కోట్ల డాలర్ల రాజీకి తలొగ్గి మూతపడింది.