పరీక్షల కంగారుకు ఏ ఆట?

తిరుపతిలో ఇంటర్ చదివే మా అక్క కొడుక్కి మార్కులు తగ్గితే చాలు, అన్నం ముందు నుంచి లేచి పోతాడు. మనసును అదుపులో పెట్టుకోవడం నేర్పే కంప్యూటర్ ఆటలు రెండు వాడితో కలిసి చూశాను.

నెవర్‌మైండ్ 2015లో వచ్చిన భయపెట్టే ఆట. గుండె వేగం కొలిచే పరికరం తగిలిస్తే మన కంగారును పసిగడుతుంది. వంటింటి ఘట్టంలో మనం బెదిరితే గది నిండా పాలు పొంగుకొస్తాయి. నిదానంగా ఊపిరి తీసుకుంటే తగ్గుతాయి. ‘నా గుండె దానికెట్లా తెలిసిపోతా ఉంది మామా!’ అన్నాడు వాడు. రాత్రిళ్లు ఉలిక్కిపడే పిల్లలకు మాత్రం వద్దు.

స్పార్క్స్‌ను న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయం దిగులుపడే టీనేజీ పిల్లల కోసం చేసింది. మొత్తం ఏడు అంచెలు. ఎగిరొచ్చే పురుగుల్లాంటి చెడు ఆలోచనలను కొట్టుకుంటూ పోవాలి. 187 మందిపై జరిపిన పరీక్షలో మామూలు చికిత్సకు తీసిపోలేదని 2012లో తేల్చారు. అది ఆ దేశపు పిల్లలకే ఉచితం, మేం వీడియోల్లో చూశామంతే. మావాడైతే సగంలోనే ఆవులించాడు!

పరీక్ష హాల్లో దడకు నా ఓటు మొదటిదానికే. వారాల తరబడి దిగులుంటే రెండూ పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి.