స్టార్లు చూసి తిన్న మూడు రోజులు

మొన్నటి ట్రిప్‌లో ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి అన్నవన్నీ ఫోన్‌లో స్టార్లు చూసే తేల్చుకున్నాం. తెలియని ఊళ్లో ఇంకో దారి తోచలేదు. బీచ్ బాగుంది, జనం ఎక్కువ, అంతే. రాయాలనిపించింది మాత్రం తిన్న చోట్ల గురించి.

మొదటి రాత్రి వెళ్లినదానికి 4.7 ఉంది. వడ్డించే కుర్రాడు కూర్చోగానే తన పేరు చెప్పాడు, ఆర్డర్ తీసుకుంటూ మళ్లీ చెప్పాడు. గ్లాసు సగమైతే చాలు, నీళ్లు నింపేస్తున్నారు. "అంతా బాగుందా సార్" అని ముగ్గురు వేర్వేరుగా వచ్చి అడిగారు. నోట్లో ముద్ద ఉండగా ఏం చెబుతాం? తల ఊపాం. తిండి ఫరవాలేదు, అంతకు మించి కాదు. బిల్లు కన్నా ముందు క్యూఆర్ కోడ్ వచ్చింది. "ఐదు స్టార్లు ఇచ్చి నా పేరు కూడా రాయండి సార్." ఎందుకని అడిగితే మొదట నవ్వేసి, తర్వాత మెల్లగా చెప్పాడు: ఎవరి పేరు ఎన్ని రివ్యూల్లో వచ్చిందో లెక్క పెడతారట, తక్కువ వచ్చినవాళ్లకు నెలాఖరులో క్లాసు. అతను పక్కనే నిలబడి ఉండగా నాలుగు ఎలా నొక్కను? ఐదే నొక్కి, పేరు రాశాను. ఆ తర్వాత చిల్లర రావడానికి పావుగంట పట్టింది.

రూముకొచ్చి ఆ రివ్యూలు తీరిగ్గా చదివాను. ఫలానా అబ్బాయి బాగా చూసుకున్నాడు, ఫలానా అమ్మాయి బాగా చూసుకుంది. రుచి గురించి ఒక్క ముక్క లేదు.

అలాగని ఓనర్ల టెన్షన్ ఉత్తదేం కాదు. అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్ల లెక్కలు చూసి హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ లూకా 2011లో తేల్చిందేమిటంటే, యెల్ప్ అనే రివ్యూల సైట్‌లో ఒక్క స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని. అదీ సొంతంగా నడిపే హోటళ్లకే. పేరున్న చైన్లకు ఆ తేడా కనబడలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో మీద 2012లో వచ్చిన ఇంకో అధ్యయనం ప్రకారం, అర స్టార్ పెరిగితేనే సాయంత్రం రద్దీ వేళ టేబుళ్లన్నీ నిండిపోయే అవకాశం బాగా పెరుగుతుంది. యెల్ప్ సగటును దగ్గరి అర స్టార్‌కి సవరించి చూపేది. అంటే 3.24 వస్తే మూడు, 3.25 వస్తే మూడున్నర. ఆ వెంట్రుకవాసి కోసమే ఇంత హడావిడి.

మేం దిగిన లాడ్జి సంగతి క్లుప్తంగా: గది శుభ్రం, వేడినీళ్లు సున్నా. వేడినీళ్లు రావడం లేదని మాకంటే ముందే నలుగురు రివ్యూల్లో రాశారు. నలుగురికీ ఒకటే జవాబు, "మీ ఆదరణకు ధన్యవాదాలు, మళ్లీ రండి." ఆ జవాబులు చూసైనా మాకు అర్థం కావాల్సింది.

రెండో రోజు మధ్యాహ్నం వెళ్లినదానికి 3.8. మా ఆవిడకి లోపలికి రావడమే ఇష్టం లేదు. ఆర్డర్ తీసుకునేదీ, టేబుల్ తుడిచేదీ ఒక్కడే. మా టేబుల్‌కి ఫ్యాన్ గాలి తగల్లేదు, ప్లేటు రావడానికి అరగంట. కానీ మూడు రోజుల్లో కడుపునిండా, ఇష్టంగా తిన్నది అక్కడే. బిల్లు కట్టేటప్పుడు రేటింగ్ మాట ఎత్తితే ఓనరు గల్లాపెట్టె వదిలి వచ్చి కూర్చున్నాడు. కారం ఎక్కువని రాస్తే తగ్గించాడట, రోజూ వచ్చేవాళ్లు గొడవ చేస్తే మళ్లీ పెంచాడట. ఒకాయన అంతా తిని, బిల్లు తగ్గించకపోతే ఒక్క స్టార్ పెడతానన్నాడట. "మొదటిసారి తగ్గించానండీ. రెండోసారి తగ్గించలేదు. ఇదిగో" అని ఫోన్ చూపించాడు. ఇంకో ఒక్క స్టార్ కింద "వెళ్తే మూసి ఉంది" అని ఉంది. ఆ రోజు వాళ్లింట్లో చావు. తీసేయమని రాసినా తీయలేదట.

చివరి రోజు ఐదుకి ఐదు ఉన్న చోటికి వెళ్లాం. ముప్పై చిల్లర రివ్యూలు, అన్నీ ఒకే పదిహేను రోజుల్లో రాసినవి. చెప్పుకోదగ్గదేమీ లేదక్కడ. 2017లో ఊబా బట్లర్ అనే ఆయన తన పెరటి షెడ్డునే దొంగ రివ్యూలతో ట్రిప్‌అడ్వైజర్ అనే సైట్‌లో లండన్ నంబర్ వన్ రెస్టారెంటుగా నిలబెట్టాడు. అది తెలిసీ వెళ్లామంటే తప్పు మాదే.

ఇంటికొచ్చాక 3.8 హోటలుకి నాలుగు స్టార్లు ఇచ్చి, ఆలస్యం గురించీ ఫ్యాన్ గురించీ రాశాను. మర్నాడే జవాబు: "ఫ్యాన్ జరిపించాం సార్. ఆలస్యం మాత్రం ఇంకో మనిషి దొరికేదాకా తప్పదు."

మొదటిదానికి ఇచ్చిన ఐదుని మూడు చేద్దామని రెండుసార్లు తెరిచాను. అందులో ఆ కుర్రాడి పేరుంది. తగ్గిస్తే నెలాఖరులో పిలిచేది అతన్నే కదా. అలాగే వదిలేశాను.