సల్ఫర్‌లో మోటల్, టిషోమింగోలో రాతి కచేరీ

ముందు ఆ మోటల్ సంగతి చెప్పేస్తాను. ఓక్లహోమాలోని సల్ఫర్ ఊళ్లో దిగాం. ఆన్‌లైన్లో గది 84 డాలర్లు. తీరా కౌంటర్ దగ్గరికెళ్తే పన్నులనీ, సౌకర్యాల రుసుమనీ 131 లాగారు. తివాచీ అంతా ముక్కిన వాసన, ఏసీ రాత్రంతా గరగర. పొద్దున్నే చూస్తే పార్కింగులో మా కారు పక్కద్దం విరిగి వేలాడుతోంది. ఎవరో గుద్ది వెళ్లిపోయారు. కెమెరా ఉందా అని అడిగితే కౌంటర్లో అబ్బాయి ఫోన్లోంచి తల ఎత్తలేదు. మా ఆయన మధ్యాహ్నం దాకా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

పోలీసాయన మాత్రం మర్యాదస్తుడు. వివరాలు రాసుకుంటూ "మీరు ఇండియన్సా?" అన్నాడు. నాన్న ముందుకొచ్చి "అవునండీ, ఆంధ్రా" అన్నారు. తను అడిగింది ఇక్కడి ఆదివాసీ తెగల (వాళ్లనీ ఇండియన్స్ అంటారు) సభ్యులా అని, ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఈ ఊరు చికసా అనే తెగ ప్రాంతంలోది, గుద్దినవాడు ఆ తెగ సభ్యుడైతే కేసు చికసా కోర్టుకు పోతుందట, ఏ తెగకూ చెందనివాడైతే రాష్ట్ర కోర్టుకట.

నాన్న రాజమండ్రిలో కోర్టు శిరస్తాదారుగా రిటైరయ్యారు. అప్పటిదాకా జెట్‌లాగ్‌తో తూగుతున్న మనిషికి ప్రాణం లేచొచ్చింది. మేం చూడబోయే టిషోమింగో ఊరికి ముప్పావు గంట దారి. ఆ ముప్పావు గంటా నా చేత ఫోన్లో చదివిస్తూనే ఉన్నారు. 2020లో మగర్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, క్రీక్ తెగ రిజర్వేషన్‌ని (అంటే ఆ తెగకు కేటాయించిన ప్రాంతాన్ని) అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చేయలేదని తేల్చింది. 2021 మార్చిలో ఓక్లహోమా క్రిమినల్ అప్పీళ్ల కోర్టు చికసా రిజర్వేషనూ అలాగే ఉందంది. సంబరం ఎక్కువ రోజులు సాగలేదు. 2022లో కాస్ట్రో వెర్టా కేసులో 5-4 తీర్పు వచ్చింది. తెగలవాళ్ల మీద బయటివాళ్లు చేసే నేరాల్లో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వంతో పాటు రాష్ట్రమూ కేసు పెట్టొచ్చని. మరి తెగ కోర్టు? బయటివాళ్ల మీద క్రిమినల్ అధికారం దానికి లేదని 1978లోనే తీర్పుంది. గృహహింస లాంటి కొన్ని నేరాలకే తర్వాత మినహాయింపు ఇచ్చారు. "తన గడప లోపల తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి అడగలేని కోర్టు ఏం కోర్టమ్మా" అన్నారు నాన్న.

టిషోమింగోలో చికసా నేషనల్ కాపిటల్ తప్పక చూడండి. ప్రవేశం ఉచితం. చికసా తెగ తన ప్రభుత్వం కోసం 1898లో గ్రానైట్‌తో కట్టుకున్న కచేరీ అది. అదే ఏడాది కర్టిస్ చట్టం వచ్చి తెగల కోర్టుల అధికారం పెరికేసి, ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పంచింది. 1907లో ఓక్లహోమా రాష్ట్రమయ్యాక ఈ భవనమే జాన్‌స్టన్ కౌంటీ కోర్టు అయింది. వాళ్లు కట్టుకున్న మేడలో పరాయి కోర్టు ఎనభై ఏళ్లు పైగా నడిచింది. చివరికి తమ కచేరీని తామే డబ్బిచ్చి కొనుక్కున్నారు. 1970లో కాంగ్రెస్ చట్టం చేసేదాకా వాళ్ల గవర్నర్‌ని (తెగ అధినేతని) నియమించింది కూడా అమెరికా అధ్యక్షుడే. నాన్న రంపచోడవరం ఏజెన్సీలో కొన్నాళ్లు పనిచేశారు. "మన దగ్గర 1/70 చట్టం ఉండగానే గిరిజనుల భూమి ఎంత చేతులు మారిందో చూశాను. ఇక్కడ చట్టమే ముక్కలు కోసి పెట్టింది" అని రాతి గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. బాబు ఆకలి అంటున్నా కదల్లేదు.

పక్కనే మ్యూజియంలో 1856 నాటి కర్రదుంగల కౌన్సిల్ హౌస్ ఉంది, అదీ చూడండి. సల్ఫర్‌లో చికసా కల్చరల్ సెంటర్ కూడా బాగుంది. అక్కడ పషోఫా అనే మొక్కజొన్న నూక వంటకం చూసి మన సంకటి అనుకునేరు. అందులో పంది మాంసం ఉంటుంది. ద్రాక్షరసంలో ఉడికించిన ఉండలు మాత్రం శాకాహారులు అడిగి తినొచ్చు, మా అమ్మ రెండోసారి వేయించుకుంది. నీళ్లలో ఆడుకోవడానికి చికసా నేషనల్ రిక్రియేషన్ ఏరియాకి వెళ్లండి, దానికీ టికెట్టు లేదు. ఆ ఊటలు ఊరివాళ్ల చేతుల్లో పాడైపోకూడదని తెగలు 1902లో 640 ఎకరాలు ఫెడరల్ ప్రభుత్వానికి అమ్మాయి. బాబు రెండు గంటలు బయటికి రాలేదు.

డాలస్ నుంచి వచ్చేవాళ్లు పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఉండి తీరాలంటే గది కళ్లతో చూశాకే కార్డు ఇవ్వండి. అద్దానికి 218 డాలర్లు మా జేబులోంచే పోయాయి. నాన్న ఇండియా వెళ్లాక కూడా ప్రతి ఆదివారం ఫోన్లో అడుగుతున్నారు, గుద్దినవాడు దొరికాడా, కేసు ఏ కోర్టుకి పోయిందీ అని.