ఉప్పల్‌లో మ్యాచ్ ఉంటే: సొంత బండా, మెట్రోనా?

ఉప్పల్ స్టేడియంలో దాదాపు 39 వేల మంది పడతారు. వాళ్లు ఎలా వచ్చారన్నదాన్ని బట్టే చుట్టుపక్కల కాలనీల రాత్రి గడుస్తుంది.

బండ్ల మీద వస్తే పార్కింగ్ నిండగానే బైకులు మా సందుల్లోకి దూరతాయి. ఒక ఐపీఎల్ రాత్రి మా గేటుకు అడ్డంగా ఎవరిదో బైకు, హ్యాండిల్ లాక్ వేసి ఉంది. నాన్నకు ఒంట్లో బాగోలేదు, ఆటో లోపలికి రాలేకపోయింది. చివరి ఓవర్ అయ్యేదాకా ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. (మ్యాచ్ ఎవరు గెలిచారో ఇప్పటికీ గుర్తులేదు.)

2017 నవంబరులో మెట్రో వచ్చింది. స్టేడియం పేరుతోనే స్టేషన్ ఉంది. మ్యాచ్ రోజుల్లో అర్ధరాత్రి దాటాక కూడా రైళ్లు నడిపిన సందర్భాలున్నాయి. జనం నేరుగా మెట్లెక్కిపోతారు, సందుల జోలికి రారు. స్టేషన్ దగ్గర తోపులాట మాత్రం తప్పదు.

నా ఓటు మెట్రోకే. కానీ ఈసీఐఎల్, ఘట్‌కేసర్ వైపు మెట్రో లేదు కాబట్టి అటువాళ్లు బండి తీయక తప్పదు. వాళ్లకు అదనపు సిటీ బస్సులు వెయ్యాలి. జర్మనీలో చాలా ఫుట్‌బాల్ క్లబ్బుల మ్యాచ్ టికెట్‌లోనే బస్సు, రైలు ప్రయాణం కలిసి ఉంటుంది. ఇక్కడా అలా ఇస్తే బండి తాళాలు ఇంట్లోనే ఉంటాయి.